చదువుకునే పిల్లలు ఎక్కడుండాలి? - కూలి ఇంటి లెక్క

మృగశిర కార్తె ప్రవేశించిందంటే చాలు, ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లో రెండు వెతుకులాటలు ఒక్కసారే మొదలవుతాయి. ఒకటి పత్తి విత్తనాల కోసం. రెండోది కాలేజీ సీటు కోసం. విత్తనం దగ్గర మన రైతు చాలా జాగ్రత్తపరుడు. ఏ చెలకకు ఏది పడుతుంది, నిరుడు పక్క ఊళ్లో ఎంత పండింది, పురుగు పట్టిందా లేదా - ఇన్ని అడిగి గానీ సంచి ముట్టడు. సీటు దగ్గరికి వచ్చేసరికి ఇవేవీ అడగం. ఇంటర్నెట్ సెంటర్ పిల్లగాడు 'దోస్త్'లోనో, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లోనో ఆప్షన్లు పెడుతుంటే తండ్రి పక్కన ఆధార్ కార్డు పట్టుకుని నిలబడతాడు. కాలేజీ పేరేమిటి, బ్రాంచి ఏమిటి, ఫీజు ఎంత - అంతవరకే. పొద్దున ఏ బస్సుకు పోవాలి, మాపటికి ఏ బస్సుకు రావాలి అన్న మాట సీటు వచ్చినాక గుర్తుకొస్తుంది.

అప్పుడు మొదలవుతుంది అసలు తర్జనభర్జన. ఇంటి నుంచే తిరగాలా? పట్నంలో రూము తీసుకోవాలా? (మా దిక్కు పట్నమంటే హైదరాబాదే.) హాస్టల్ దొరుకుతుందా? లేక అప్పో సప్పో చేసి బండి కొనివ్వాలా? ఈ నాలుగు ప్రశ్నలతో సంఘం కార్యకర్తల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఏటేటా పెరుగుతున్నారు. పెన్షన్, రేషన్ కార్డు, ఇంటి జాగా సమస్యల సరసన ఇదీ చేరింది. కనుక దీన్ని కూడా ఒక గ్రామీణ సమస్యగానే పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా ఒక విడ్డూరం చెప్పాలి. కాలేజీలు లేని ప్రాంతం కాదు మనది. సాగర్ రోడ్డు పొడుగునా మంగల్‌పల్లి మొదలుకొని శేరిగూడ దాకా ఇంజినీరింగ్ కాలేజీలు వెలిశాయి. ఒకప్పుడు మన ఆడవాళ్లు జొన్నచేలల్లో కలుపు తీసిన భూములే అవి. పొద్దున ఎనిమిది గంటల వేళ రోడ్డు పక్కన నిలబడి చూడండి. నగరం పిల్లలతో కాలేజీ బస్సులు బారులు తీరి ఇటు వస్తుంటాయి. అదే వేళకు మన ఊళ్ల పిల్లలు పల్లెవెలుగు బస్సుకు వేలాడుతూ అటు పోతుంటారు. ర్యాంకును బట్టి, ఫీజును బట్టి సీటు ఎక్కడ పడితే అక్కడ. మేడ్చల్ వైపు పడినవారు, మొయినాబాద్ వైపు పడినవారు నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. ఇంటి ముందర కాలేజీ పెట్టుకుని అరవై కిలోమీటర్లు పోయి చదువుకోవడం ఏ ప్రణాళికలో రాశారో పాలకులే చెప్పాలి.

ఖర్చును దేనితో కొలవాలి? రూపాయల్లో కొలిస్తే కూలి ఇంటి పరిస్థితి అర్థం కాదు, పనిదినాల్లో కొలవాలి. 2025-26 సంవత్సరానికి తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా నిర్ణయించారు. (ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో వేరే చట్టం తెచ్చారు. ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.) ఈ 307 రూపాయలనే గజంబద్దగా పెట్టుకుందాం.

మొదట బండి సంగతి. కొడుకులున్న ప్రతి ఇంట్లో వచ్చే కోరిక ఇదే కాబట్టి ముందు దీన్ని తేల్చాలి. రోజుకు పోను రాను అరవై కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు యాభై ఇస్తుందనుకుందాం, కొత్త బండి గనుక. 2024 మార్చిలో కొద్దిగా తగ్గించిన తర్వాత కూడా హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయల పైనే ఉంది. రోజుకు 128 రూపాయలు. నెలకు ఇరవై నాలుగు కాలేజీ రోజులకు మూడు వేల పైచిలుకు. అంటే తల్లి పది రోజులు మట్టి మోసిన కూలి ఒక్క పెట్రోలు ట్యాంకులోకే పోతుంది. నెలవారీ కిస్తు, ఇన్సూరెన్సు, టైర్లు వేరే. లారీలు, టిప్పర్లు తిరిగే సాగర్ రోడ్డు మీద చీకటి పడ్డాక పద్దెనిమిదేళ్ల పిల్లగాడు బండి మీద వస్తుంటే ఇంట్లో తల్లి పడే యాతనకు లెక్క లేదు. బండి వద్దు. ఈ మాట నేను ఎంతమంది పిల్లల చేత తిట్లు తిని అయినా చెబుతాను.

ఇక బస్సు. 2019 అక్టోబరులో మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ కార్మికుల సమ్మె మనకు జ్ఞాపకమే. అది ముగిసిన వెంటనే ఆ డిసెంబరులో చార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెంచారు. 2022లో విద్యార్థుల పాసులు పెంచారు. 2025 జూన్‌లో, సరిగ్గా కాలేజీలు తెరిచే వేళకు, పాసుల ధరలు మళ్లీ ఇరవై శాతానికి మించి పెరిగాయి. సిటీ ఆర్డినరీ నెల పాసు 1,150 నుంచి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుంచి 1,600కు పోయింది. అదే దెబ్బలో విద్యార్థుల పాసులూ పెరిగాయి. అంతకు నెల ముందే మెట్రో రైలు చార్జీలు కూడా పెంచి, గొడవ కాగానే పది శాతం తగ్గించి, 11 రూపాయల నుంచి 69 రూపాయల వరకు స్థిరపరిచారు. ఎల్బీనగర్ దగ్గర రైలెక్కి మియాపూర్‌లో దిగే విద్యార్థికి పోను రాను 138 రూపాయలు. ఇరవై నాలుగు రోజులకు 3,312. పెట్రోలు లెక్కకు కొంచెం పైనే! ఎల్బీనగర్ దాకా వచ్చే బస్సు ఖర్చు ఇందులో కలపలేదు.

ఆడపిల్లల లెక్క 2023 డిసెంబరు 9 నుంచి మారింది. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఇది మంచి పథకం, దీన్ని తక్కువ చేసి మాట్లాడనక్కరలేదు. ఇంటర్‌తో ఆగిపోవలసిన ఎందరో ఆడపిల్లలు దీనివల్లనే డిగ్రీ గడప తొక్కారు. అయితే బస్సులు ఆ మేరకు పెంచలేదు. దాంతో 'ఆడోళ్లు ఎక్కి మాకు జాగ లేకుండా చేసిండ్రు' అని మగపిల్లలు సణుగుతున్నారు. ఈ సణుగుడును మనం ఊరుకోగూడదు. జాగ లేకుండా చేసింది అక్కచెల్లెళ్లు కాదు, డిపోలో లేని బస్సు.

ఒకే ఇంట్లో అక్కకూ తమ్ముడికీ ఇప్పుడు వేరు వేరు లెక్కలు వచ్చాయి. అక్కకు టికెట్టు సున్నా గనుక 'నువ్వు ఇంటి నుంచే తిరుగు' అంటారు. తమ్ముడికి పాసు, ఆటో కలిసి తడిసి మోపెడవుతుంది గనుక 'నువ్వు రూము తీసుకో' అంటారు. బయటికి ఇది పైసల లెక్కే. కానీ లోపల చూడండి. ఇంటి నుంచి తిరిగే ఆడపిల్ల పొద్దున అయిదింటికి లేచి బోళ్లు తోమి, వంట చేసి బస్సెక్కుతుంది. రాత్రి వచ్చినాక మళ్లీ పొయ్యి దగ్గరికే. దారిలో పోను రాను మూడు గంటలు అనుకుంటే ఇరవై నాలుగు రోజులకు 72 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు తొమ్మిది. టికెట్టు మీద సున్నా అని కొట్టినా ఈ తొమ్మిది రోజులు ఆమె ఖాతాలో నుంచే పోతున్నాయి.

చివరి బస్సు

నా అనుభవంలో తేలిన విషయం ఒకటుంది. ఎక్కడ ఉండాలన్నది తేల్చడానికి మొదట అడగవలసింది టికెట్టు ధర కాదు, చివరి బస్సు వేళ. పెద్ద రోడ్డు మీద ప్రయాణం చవక. ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం ఉన్నా 277 నంబరు బస్సులు రాత్రి దాకా తిరుగుతాయి. కూలి పిల్లల నడుం విరిచేది ఇబ్రహీంపట్నంలో దిగిన తర్వాత మిగిలిన ఐదో పదో కిలోమీటర్లు. ఊరి బస్సు పోతే ఆటో నిండేదాకా కూర్చోవాలి. నిండకపోతే 'స్పెషల్' అంటాడు. ఆటోవాణ్ణి అని లాభం లేదు, వాడూ మన ఊరివాడే, వాడికీ కిస్తులున్నాయి. పోనూ రానూ ఇరవై చొప్పున ఇచ్చుకున్నా నెలకు దాదాపు వెయ్యి రూపాయలు. ఇక్కడ మహాలక్ష్మి పనిచేయదు, పాసూ పనిచేయదు.

ఇంకో నష్టం దీనికన్నా పెద్దది. ఇంజినీరింగ్, ఫార్మసీ పిల్లలకు ల్యాబ్ మధ్యాహ్నం పెడతారు. ఊరి బస్సు అందాలంటే చివరి గంట ఎగ్గొట్టి రావాలి. రోజూ ఒక గంట పోతే హాజరు 75 శాతం కిందికి జారే ప్రమాదం ఉంటుంది. దాంతో పరీక్షకు అడ్డంకి, జరిమానా, స్కాలర్‌షిప్‌కు కొర్రీ. ఉచిత బస్సులో పోయి వచ్చిన పిల్ల, బస్సు వేళ కుదరక ఒక ఏడాదే పోగొట్టుకునే పరిస్థితి ఇలా వస్తుంది.

కనుక కాలేజీ సాగర్ రోడ్డు మీదనో, ఎల్బీనగర్, హయత్‌నగర్ చుట్టుపక్కలనో ఉండి, మీ ఊరి చివరి బస్సు ముందుగా పోయేదైతే ఆ పిల్లలు ఇబ్రహీంపట్నంలోనే ఉండటం మేలు. పట్నంలో కాదు, ఊళ్లోనూ కాదు. ఇక్కడ అద్దె నగరమంత ఉండదు. ఆదివారం ఊరికి పోయి బియ్యం, పప్పు, పచ్చడి తెచ్చుకోవచ్చు. ఆడపిల్లకైతే ఇక్కడి నుంచి కాలేజీకి టికెట్టే లేదు. ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉన్నదో లేదో మాత్రం ముందే చూసుకోండి. మగపిల్లవాడికి పాసు తీసే ముందు అది ఏ స్టేజీ దాకా చెల్లుతుంది, ఏ రకం బస్సులో చెల్లుతుంది అని కౌంటర్ దగ్గర గట్టిగా అడగండి. పాసు చేతిలో ఉండి, వచ్చిన బస్సు ఆ పాసుకు సరిపోనిదైతే రోజూ చేతి నుంచి పెట్టుకోవాలి.

కాలేజీ నగరానికి ఆవలి కొసన పడితే ఇంటి నుంచి తిరిగే మాట మరిచిపోవాలి. అప్పుడు చాలామంది చేసే పని దిల్‌సుఖ్‌నగర్‌లో రూము తీసుకోవడం. తెలిసినవాళ్లు ఉన్నారని, కోచింగ్ సెంటర్లు ఉన్నాయని, ఆదివారం ఇంటికి రావడం సులువని అంటారు. ఇది రెండు విధాలా నష్టం. నగరం అద్దె అద్దే, మళ్లీ రోజూ బస్సో మెట్రోనో ఎక్కడం తప్పదు. దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ పోటీ పరీక్షలకు చదివేవారికి సరిపోవచ్చు గానీ, మేడ్చల్ కాలేజీ పిల్లవాడికి అక్కడేం పని? రూము అంటూ తీసుకుంటే కాలేజీకి నడిచిపోయే దూరంలో తీసుకోవాలి. నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చే చార్జీ, రోజూ తిరిగే చార్జీ ముందు ఏపాటి?

రూము లెక్క కూడా వేసి చూద్దాం. నలుగురు కలిసి ఆరు వేల అద్దెకు దిగారనుకుంటే మనిషికి 1,500. గ్యాసు, కరెంటు, కూరగాయలు, పాలు ఇంకో 1,500. మొత్తం మూడు వేలు. పైన చెప్పిన పెట్రోలు ఖర్చు కూడా ఇంతే కదా! మీ అంకెలు మీరు వేసుకోండి, నా అంకెలు పట్టుకుని ఇంటి ఓనరుతో వాదించకండి. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. ఆ పిల్ల వంతు పిల్లకు పంపితే పెద్ద ఖర్చు ఒకటి తప్పుతుంది. కాకపోతే రూముకు అడ్వాన్సు ఒక్కసారే కట్టాలి. జూన్, జులై నెలల్లో కూలి ఇంట్లో పైస ఉండదు. నాట్లు మొదలైతే గానీ చెయ్యి ఆడదు. ఇక్కడే మిత్తికి తెస్తారు. ఆ మిత్తి కూడా చదువు ఖర్చులోకే వస్తుంది.

రూము దొరకడం దగ్గర ఇంకో అడ్డం ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. ఇంటి ఓనరు ముందు ఊరి పేరు అడుగుతాడు, తర్వాత ఇంటిపేరు అడుగుతాడు. అప్పటికీ తేలకపోతే 'మాంసం వండుతరా?' అని అడుగుతాడు. ఇది కూర గురించి అడిగింది కాదని మాల మాదిగ పిల్లలకు బాగా తెలుసు. నాలుగు ఇళ్లు తిరిగి, అయిదో ఇంట్లో ఎక్కువ అద్దెకు దిగుతారు, లేదా కాలేజీకి దూరంగా దిగుతారు. అద్దెలోనూ చార్జీలోనూ కులానికి ఒక వంతు కట్టించుకుంటున్నారన్న మాట. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ వచ్చింది ఇటువంటి అవసరం నుంచే. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు నగరంలో ఉండటానికి చోటు లేక, రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనుకొని పెట్టించారు. ఆ తర్వాత ఒక్కో కులం వారు తమ తమ హాస్టళ్లు కట్టుకున్నారు. పేద బ్రాహ్మణ పిల్లలు వారాలు చేసుకుని చదివారు. కట్టుకునే స్తోమత లేనివారికి, ఎవరి వాకిట్లోనూ వారం దొరకని వారికి ప్రభుత్వ హాస్టలే దిక్కయింది, ఇప్పటికీ అదే దిక్కు.

అందుచేత ఎస్సీ, ఎస్టీ, బీసీ పోస్ట్‌మెట్రిక్ హాస్టల్ సీటు దొరికితే వదలవద్దు. 2024 నవంబరులో ఇంటర్ నుంచి పీజీ వరకు మెస్ చార్జీ నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు. రోజుకు డెబ్బై రూపాయలు. మూడు పూటల తిండికి ఇది చాలదని అందరికీ తెలుసు. అయినా పది నెలలకు 21,000 రూపాయల తిండి, పైన అద్దె లేని చోటు. ఉపాధి కూలి లెక్కన తిండి ఒక్కటే 68 రోజుల పని.

హాస్టల్ దొరకని వారి సంగతే అన్యాయం. కేంద్రం 2021లో సవరించిన ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో ఇంజినీరింగ్ వంటి కోర్సులకు హాస్టల్ విద్యార్థికి ఏడాదికి 13,500, ఇంటి నుంచి వచ్చేవారికి 7,000. మామూలు డిగ్రీ వారికి 6,000, 3,000. డిగ్రీ చదువుతూ ఇంటి నుంచి తిరిగే దళిత విద్యార్థికి నెలకు 250 రూపాయలన్న మాట. ప్రయాణం ఖర్చంతా పడేది ఇంటి నుంచి తిరిగేవారి మీదే కదా, వారికే సగం ఇవ్వడంలో న్యాయమేమిటి? రూములో ఉండి అద్దె కట్టేవారిని కూడా చాలాచోట్ల ఇంటి నుంచి వచ్చేవారి కిందే రాసేస్తున్నారు. 2010 నాటి నిబంధనల్లో కనీసం ఐదుగురు విద్యార్థులు ఒకచోట ఉండి కలిసి వండుకుంటే, కాలేజీ ప్రిన్సిపాల్ చూసి ధ్రువపరిస్తే దాన్ని హాస్టల్ కింద లెక్కించే వీలు ఉండేది. ఈ వీలును మళ్లీ గట్టిగా అడగాలి. ఒక రూములో నలుగురున్న చోట ఐదోవాణ్ణి కలుపుకోవడం మన పిల్లలకు కష్టమేమీ కాదు.

ఆ ఇచ్చేది కూడా వేళకు రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. యాజమాన్యాలకు బంద్ పెట్టే బలం ఉంది. స్కాలర్‌షిప్ రాక అద్దె కట్టలేని విద్యార్థి ఎవరి మీద బంద్ పెట్టాలి? సామాను సర్దుకుని ఊరికి వచ్చేస్తాడు, నాలుగు రోజులు పత్తి ఏరడానికి పోతాడు, ఆ తర్వాత తిరిగి పోవడం మానేస్తాడు. రిజిస్టర్‌లో దీన్ని 'మధ్యలో మానివేత' అని రాసుకుంటారు.

వేరే రాష్ట్రాల వైపు చూస్తే ఇదంతా తప్పనిసరి కాదని తెలుస్తుంది. తమిళనాడులో ప్రభుత్వ కాలేజీల, పాలిటెక్నిక్‌ల విద్యార్థులకు, ఆడ మగ తేడా లేకుండా, బస్సు పాసు ఉచితం. కేరళలో ప్రైవేటు బస్సువాడు కూడా విద్యార్థికి రాయితీ ఇవ్వవలసిందే. 2022లో అక్కడ కనీస చార్జీ 10 రూపాయలకు పెంచినప్పుడు యజమానులు ఎంత ఒత్తిడి తెచ్చినా విద్యార్థుల ఒక్క రూపాయి కనీస చార్జీని ముట్టుకోలేదు. మన దగ్గర మగపిల్లల పాసును మూడేళ్లలో రెండుసార్లు పెంచారు.

యాచారం మండలంలో ఫార్మాసిటీ పేరున భూములు తీసుకున్న మేడిపల్లి, కుర్మిద్ద, తాడిపర్తి, నానక్‌నగర్ వైపు ఈ సమస్య ఇంకా ఒత్తిడి మీద ఉంది. భూమి పోయిన చోట కలుపు పనీ పోయింది, కోత పనీ పోయింది. పిల్లల చదువు తప్ప వేరే ఆశ లేదు. ఫ్యూచర్ సిటీ అంటున్నారు, మీర్‌ఖాన్‌పేటలో 2024 ఆగస్టు 1న స్కిల్ యూనివర్సిటీకి శంకుస్థాపన చేశారు, మెట్రో తెస్తామంటున్నారు. రానీయండి. అప్పటిదాకా సాయంత్రం ఆరున్నర తర్వాత ఊరికి ఒక పల్లెవెలుగు కావాలి.

ఇది డిపో స్థాయిలో సాధించగల పని గనుక సంఘం గ్రామ కమిటీలు ఈ నెలలోనే దీన్ని చేతబట్టాలి. 'బస్సు సౌకర్యం కల్పించగలరు' అని ఒక్క ముక్క రాసి ఇస్తే డిపోలో అది ఫైలు కిందికి పోతుంది. మీ ఊరి నుంచి, దారిలోని ఊళ్ల నుంచి కాలేజీకి పోయే పిల్లలెందరు, అందులో ఆడపిల్లలెందరు, ఏ కాలేజీ ఎన్ని గంటలకు వదులుతుంది, ఇబ్రహీంపట్నం బస్టాండుకు వాళ్లు చేరే వేళ ఏది, ఇప్పుడున్న చివరి బస్సు వేళ ఏది - ఇవన్నీ వరుసగా రాసి, పిల్లల సంతకాలు పెట్టించండి. మూడు నాలుగు ఊళ్లు ఒకే దారిలో ఉంటే ఒకే దరఖాస్తు చేయండి, బస్సు నిండుతుందని వాళ్లకు కనబడాలి. దరఖాస్తు రెండు కాపీలు రాసుకుని, రెండో కాపీ మీద డిపోలో ముద్ర, తారీఖు వేయించుకుని రండి.